మైనం మీద ఉత్తరాలు

1878 జూన్‌లో ‘నార్త్ అమెరికన్ రివ్యూ’ పత్రికలో థామస్ ఎడిసన్ ఒక వ్యాసం రాశాడు. అంతకు ఆరు నెలల ముందే ఆయన ఫోనోగ్రాఫును లోకానికి చూపించాడు. మాటను పట్టి ఉంచి, అడిగినప్పుడు తిరిగి పలికే యంత్రం. చూసినవాళ్లు నోళ్లు తెరిచారు గానీ, ఆ తర్వాత అందరూ అడిగింది ఒకటే: ఇంతకీ ఇది దేనికి పనికొస్తుంది? దానికి జవాబుగా ఎడిసన్ ఉపయోగాల పట్టిక ఒకటి ఇచ్చాడు. అందులో పాటది నాలుగో స్థానం. చక్కగా మాట్లాడటం నేర్పడం మూడోది, చూపులేనివాళ్లకు వినిపించే పుస్తకాలు రెండోది. మొట్టమొదటిది ఉత్తరాలు డిక్టేట్ చేయడం, అదీ పక్కన స్టెనోగ్రాఫర్ లేకుండా.

ఇవాళ రికార్డింగ్ అంటే మనకు పాటే గుర్తొస్తుంది. ఆ యంత్రాన్ని కన్నవాళ్ల మనసులో మాత్రం ఆఫీసు ఉంది. ఆఫీసు కోరికకూ పాట కోరికకూ పొంతన లేదు. పాట పదేళ్లు నిలవాలి. ఉత్తరం టైపు అయ్యేదాకా నిలిస్తే చాలు. ఆ తర్వాత ఎంత త్వరగా మాయమై కొత్త ఉత్తరానికి చోటిస్తే అంత లాభం. గొంతును నిలబెట్టడం ఎలా అన్న ప్రశ్న 1877లోనే తీరింది. దాన్ని శుభ్రంగా చెరిపేయడం ఎలా అన్నది తీరడానికి ఇంకో పదకొండేళ్లు పట్టింది. నన్నడిగితే ఆ రెండో ప్రశ్నే గట్టిది.

మొదటి ఫోనోగ్రాఫు ఆఫీసు మొహం చూసే స్థితిలో లేదు. లోహపు సిలిండర్ మీద పల్చటి తగరపు రేకు చుట్టి, చేత్తో పిడి తిప్పుతూ, గొట్టంలోకి గట్టిగా మాట్లాడాలి. గొంతుకు పల్చటి పొర అదురుతుంది, పొరకు అంటుకున్న సూది రేకు మీద సొట్టలు పెడుతుంది. కొద్దిసార్లు వినగానే ఆ సొట్టలు అరిగిపోతాయి. రేకు ఊడదీశామా, మళ్లీ అదే తీరున చుట్టి వినడం దాదాపు కుదరని పని. పైగా తిప్పే చెయ్యి తడబడితే గొంతూ తడబడుతుంది. ఎడిసన్ దాన్ని అటక మీద పెట్టి విద్యుద్దీపాల పనిలో పడ్డాడు.

ఆ సందులోకి అలెగ్జాండర్ గ్రాహం బెల్ వచ్చాడు. టెలిఫోన్ కనిపెట్టినందుకు 1880లో ఫ్రాన్సు ఆయనకు వోల్టా బహుమతి కింద 50,000 ఫ్రాంకులు ఇచ్చింది. ఆ డబ్బుతో వాషింగ్టన్‌లో ప్రయోగశాల పెట్టి, వరసకు సోదరుడైన రసాయన శాస్త్రవేత్త చిచెస్టర్ బెల్‌నూ, పరికరాలు చేయడంలో చెయ్యి తిరిగిన చార్లెస్ సమ్నర్ టెయింటర్‌నూ కూర్చోబెట్టాడు. వాళ్లు కనుక్కున్నది చెప్పడానికి చిన్నది: రేకును నొక్కవద్దు, మైనాన్ని చెక్కండి. నొక్కితే పదార్థం పక్కలకు జరిగి మళ్లీ సర్దుకుంటుంది. చెక్కితే పొట్టు లేచిపోతుంది, గాడి నిలుస్తుంది. 1886 మే 4న ఈ పద్ధతికి పేటెంటు వచ్చింది. యంత్రం పేరు గ్రాఫోఫోన్. అట్టగొట్టం మీద పల్చటి మైనం పూత, అదే దాని సిలిండర్. పూత పల్చన కాబట్టి చెరిపి మళ్లీ వాడే వీలు లేదు. వాడు, పారేయి.

దీన్ని వ్యాపారంగా మార్చడానికి ముందుకొచ్చింది ఎవరో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. జేమ్స్ క్లెఫాన్, ఆండ్రూ డివైన్, ఎడ్వర్డ్ ఈస్టన్. వీళ్లు కోర్టుల్లో, చట్టసభల్లో షార్ట్‌హ్యాండ్ రాసి బతికినవాళ్లు. వీళ్లలో క్లెఫాన్ మరీ విచిత్రమైన మనిషి. టైపురైటర్ ఇంకా పసిగుడ్డుగా ఉన్నప్పుడు నమూనాలు తెప్పించుకుని, వాటిని విరిగిపోయేదాకా వాడి, తప్పులెన్ని తిరిగి పంపినవాడు ఇతనే. లైనోటైపు వెనకా ఇతని పట్టుదల ఉంది. ఈ స్టెనోలకు అసలు బాధ రాయడంతో కాదు, రాసినదాన్ని మళ్లీ చదివి టైపు చేయించడంతో. తమ గీతలు తమకే తెలుస్తాయి కాబట్టి టైపిస్టు పక్కన గంటల తరబడి కూర్చుని చదవాలి. అదే యంత్రంలోకి ఒక్కసారి చదివేస్తే, టైపు చేసేవాళ్లు తీరిగ్గా విని కొట్టుకుంటారు. షార్ట్‌హ్యాండ్‌ను మింగేస్తుందని తర్వాత అందరూ భయపడిన యంత్రానికి అలా షార్ట్‌హ్యాండ్ చేతులే పెట్టుబడి పెట్టాయి. 1887లో అమెరికన్ గ్రాఫోఫోన్ కంపెనీ పుట్టింది. కనెక్టికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఒక పాత కుట్టుమిషన్ల కర్మాగారంలో యంత్రాలు తయారయ్యాయి. అందుకే తొలి గ్రాఫోఫోన్‌ను కూడా కుట్టుమిషన్‌లా కాలితో తొక్కేవారు.

తన బిడ్డను మరొకరు పెంచడం చూసి ఎడిసన్ ఊరుకోలేదు. 1888 జూన్‌లో కొత్త ఫోనోగ్రాఫుతో వచ్చాడు. అందులో అట్ట లేదు, పూత లేదు. సిలిండర్ గోడ మొత్తం మైనమే. పనయ్యాక పైపొర గీకేస్తే కింద మరో నున్నటి పొర సిద్ధంగా ఉంటుంది. యంత్రం మీదే గీకుడు కత్తి కూడా అమర్చాడు.

మైనం అన్నాను గానీ, తేనెపట్టు మైనానికీ దీనికీ చుట్టరికం తక్కువ. ఎడిసన్ మనుషులు చివరికి స్థిరపడిన పదార్థం, రసాయన శాస్త్రం లెక్కలో, సబ్బు. కొవ్వు నుంచి తీసే స్టియరిక్ ఆమ్లాన్ని కాస్టిక్ సోడాతో కలిపి కాస్తే సోడియం స్టియరేట్ వస్తుంది. ఒళ్లు రుద్దుకునే సబ్బులో ముఖ్యమైన సరుకు అదే. దానికి కొంచెం అల్యూమినియం లవణం చేర్చితే గట్టిపడుతుంది, ఖనిజ మైనం లాంటిది కలిపితే పెళుసుదనం, తడి పీల్చే గుణం కాస్త తగ్గుతాయి. జోనాస్ ఐల్స్‌వర్త్ అనే రసాయనజ్ఞుడు ఎడిసన్ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి ఈ పాకాలే కాచాడు.

ఇంత తంటా దేనికంటే, ఆ పదార్థం మీద పెట్టిన షరతులు ఒకదానికొకటి పడవు. మామూలుగా మాట్లాడే మనిషి నోటి నుంచి వెలువడే శబ్దశక్తి వాటులో లక్షో వంతు స్థాయిలో ఉంటుంది. పది వాట్ల బల్బు వెలిగేంత శక్తి కావాలంటే పది లక్షల మంది ఒక్కసారిగా మాట్లాడాలన్నమాట. ఆ రోజుల్లో ఆంప్లిఫయర్ లేదు. మర సిలిండర్‌ను తిప్పుతుంది, సూదిని పక్కకు జరుపుతుంది, అంతే. సూదిని పైకీ కిందికీ ఊపి గాడి లోతును మార్చాల్సింది ఆ కాస్త గొంతు శక్తే. కాబట్టి పదార్థం దానికి లొంగేంత మెత్తగా ఉండాలి. అదే గాడి మీద వినే సూది పలుమార్లు నడిచినా అరగనంత గట్టిగానూ ఉండాలి. లోపల స్ఫటికాలు ఉండకూడదు. వట్టి స్టియరిక్ ఆమ్లం చల్లారితే స్ఫటికాలు కట్టుకుంటుంది, వాటి మీద నడిచే సూది బరబరమంటుంది. చెక్కినప్పుడు పొట్టు అంటుకోకుండా, పొడి కాకుండా, సన్నటి రిబ్బనులా లేచిపోవాలి. ఈ చివరి గుణం దగ్గరే తేనెమైనం ఓడిపోయింది, లోహపు సబ్బు నెగ్గింది.

గాడి లోతు అంగుళంలో వెయ్యో వంతు అటూ ఇటూగా ఉంటుంది, అంటే పాతిక మైక్రాన్లు. తల వెంట్రుక మందం అంతకు రెండు మూడు రెట్లు. చెరపాలంటే అంత పొర లేపితే చాలు. ఒక సిలిండర్‌ను వంద సార్లకు పైగా గీకి వాడుకోవచ్చని తయారీదార్లు గొప్పగా చెప్పుకున్నారు, గోడ మందం చూస్తే ఆ మాటలో అతిశయోక్తి కనిపించదు. ఆఫీసుకు కావలసింది పుస్తకం కాదు, పలక. దొరికింది కూడా సరిగ్గా అదే.

అయితే గీకే కొద్దీ సిలిండర్ సన్నబడుతుంది. మరి గొంతు మారదా? మారదు, ఎందుకంటే రాసేటప్పుడూ వినేటప్పుడూ తిరిగే వేగం ఒకటే. మారేది ఇంకొకటి. పాటల సిలిండర్ల లెక్క తీసుకుందాం. వ్యాసం రెండుంపావు అంగుళాలు, నిమిషానికి 160 చుట్లు. అప్పుడు సూది కింద సెకనుకు 48 సెంటీమీటర్ల ఉపరితలం జరుగుతుంది. వ్యాసం రెండంగుళాలకు తగ్గితే అది 43 సెంటీమీటర్లవుతుంది. సెకనుకు రెండు వేల సార్లు కంపించే శబ్దం ఒక్కో అలకు మొదట 0.24 మిల్లీమీటర్ల చోటు దక్కితే, ఇప్పుడు 0.21కి సర్దుకోవాలి. అలలు ఇరుకున పడతాయి, సూది మొన వాటి లోయల్లోకి దిగలేక పైపైన దాటేస్తుంది. సన్నబడిన సిలిండర్ మీద మాట మందగించినట్టు వినిపిస్తే కారణం ఇదే.

అసలు ఆ గొట్టాలకీ పొరలకీ రెండు మూడు వేల హెర్ట్జ్ దాటిన శబ్దాలు అందేవే కావు. ‘స’, ‘ఫ’ లాంటి ఊదుడు శబ్దాల్లో ముఖ్యమైన భాగం అంతకు పైనే ఉంటుంది. ఇంగ్లిష్‌లో ‘సిక్స్‌టీ’కీ ‘ఫిఫ్టీ’కీ మధ్య తేడా చాలావరకు ఆ శబ్దాలదే. బిల్లు అరవై డాలర్లకో, యాభై డాలర్లకో టైపిస్టు ఊహించుకోవలసిందే. గొట్టాన్ని నోటి దగ్గర పెట్టుకుని అక్షరం అక్షరం విప్పి పలకమని యంత్రంతో వచ్చే కాగితాలు హెచ్చరించేవి. ఉన్నతాధికారులకు అక్షరం విప్పి పలకమని చెప్పగలిగింది ఆ కాగితమొక్కటేనేమో.

వ్యాపారం మొదట బోల్తా పడింది. పిట్స్‌బర్గ్‌లో గాజు వ్యాపారం చేసి గడించిన జెస్సీ లిప్పిన్‌కాట్ 1888లో ఎడిసన్ యంత్రాన్నీ గ్రాఫోఫోన్‌నూ కలిపి తన నార్త్ అమెరికన్ ఫోనోగ్రాఫ్ కంపెనీ కిందికి తెచ్చుకున్నాడు. యంత్రాన్ని అమ్మడం లేదు, ఏడాదికి 40 డాలర్ల అద్దె. బ్యాటరీలు ఆమ్లంతో నిండిన గాజు సీసాలు, ఊరికే మొరాయించేవి. స్టెనోలకు కంటగింపు. మార్క్ ట్వేన్ 1891లో చెయ్యి నొప్పితో బాధపడుతూ, ‘ది అమెరికన్ క్లెయిమంట్’ నవలను ఈ యంత్రానికి చెప్పి చూశాడు. నాలుగు డజన్ల సిలిండర్లు నింపాక, కలమే నయమని మానేశాడు. మనిషి వింటుంటే మాట వస్తుంది, గొట్టం వింటుంటే రాదు. ఈ ఇబ్బంది ఇవాళ వాయిస్ మెసేజ్ పెట్టబోయి మూడుసార్లు చెరిపేసుకునేవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈలోగా 1889 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక మద్యశాలలో లూయీ గ్లాస్ అనే ఆయన నాణెం వేస్తే పాట వినిపించే ఫోనోగ్రాఫు పెట్టి డబ్బు దండుకున్నాడు. గంభీరమైన తన ఆఫీసు యంత్రం ఆటబొమ్మ కావడం ఎడిసన్‌కు నచ్చలేదు. కానీ లోకం ఎటు మొగ్గిందో చిల్లరే చెప్పింది. లిప్పిన్‌కాట్ కంపెనీ 1894లో దివాలా తీసింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆఫీసు యంత్రం రెండో జన్మ ఎత్తింది. ఈస్టన్ నడిపిన కొలంబియా కంపెనీ 1907లో ‘డిక్టాఫోన్’ పేరును నమోదు చేయించింది. ఎడిసన్ వైపు నుంచి వచ్చినది ‘ఎడిఫోన్’. సిలిండర్ ఆరంగుళాల పొడవుకు పెరిగింది, గాళ్లు అంగుళానికి 150, 160 చొప్పున దగ్గరయ్యాయి. అన్నిటికంటే ముఖ్యం, ఒక యంత్రం మూడైంది. అధికారి బల్ల మీద చెప్పే యంత్రం, టైపిస్టు దగ్గర వినే యంత్రం, ఎక్కడో మూల గీకే యంత్రం. టైపిస్టు చెవులకు గొట్టాలు తగిలించుకుని, కాలితో మీట నొక్కి ఆపుతూ, వదులుతూ, వెనక్కి జరుపుతూ టైపు చేసేది. పొద్దుగూకితే ఆఫీసు కుర్రాడు సిలిండర్లన్నిటినీ తరిమెన మీదకెక్కించినట్టు గీకే యంత్రానికి ఎక్కించి, ఆనాటి మాటలన్నీ పొట్టుగా రాల్చి, మర్నాటికి నున్నగా పెట్టేవాడు.

చిన్నదిగా కనిపించే ఇంకో చిక్కు ఉంది. మైనంలో వెతకడం ఎలా? బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన ‘డ్రాకులా’లో డాక్టర్ సీవార్డ్ తన రోజువారీ సంగతులు ఫోనోగ్రాఫులోనే చెప్పుకుంటాడు. నెలలు గడిచాక, ఫలానా సంగతి ఎక్కడుందో తీయడం ఎలాగో తాను ఆలోచించనేలేదని ఒప్పుకుంటాడు. అదే నవలలోని మీనా అదంతా విని, మూడు ప్రతులు టైపు చేస్తుంది. తర్వాత డ్రాకులా ఆ సిలిండర్లను నిప్పులో పారేసినా, కథ టైపు ప్రతిలో బతుకుతుంది. రక్తపిశాచి నవలగా చదివేవాళ్లు గమనించరు గానీ, ఆఫీసు యంత్రాల బలాబలాలు తెలిసిన రచయిత చెయ్యి అది. డిక్టాఫోన్ కంపెనీలు ఈ చిక్కును కాగితంతో తీర్చాయి. సిలిండర్ పొడవుకు సరిపడే స్కేలు అచ్చువేసిన చీటీ ఒకటి యంత్రానికి తగిలిస్తారు. ఉత్తరం ఎక్కడ ముగిసిందో, ఎక్కడ తప్పు దొర్లి దిద్దుకున్నాడో అధికారి ఆ చోట గుర్తు పెడతాడు. చీటీ చూస్తే ఉత్తరం ఎంత పొడవుందో టైపిస్టుకు ముందే తెలుస్తుంది.

ఈ యంత్రం వల్ల ఎవరికి మేలు జరిగిందన్నది వేరే లెక్క. అధికారి రాత్రి పదింటికైనా ఉత్తరం చెప్పుకోవచ్చు. స్టెనో మాత్రం గదిలోంచి బయటికి వెళ్లిపోయింది. అంతకు ముందు ఆమె గుట్టు తెలిసిన మనిషి. వాక్యం తప్పితే అడిగేది, పేరు మరిస్తే అందించేది. ఇప్పుడు వరసగా వేసిన బల్లల మధ్య, ఎవరిదో తెలియని గొంతు చెవిలో మోగుతుంటే, రోజుకెన్ని పంక్తులు కొట్టిందో లెక్క చూసే పర్యవేక్షణలో పనిచేసే టైపిస్టుగా మిగిలింది. షార్ట్‌హ్యాండ్ రానివాళ్లకు తక్కువ జీతం చాలు అన్నది ఈ యంత్రం అమ్మకాల వెనకున్న అసలు ఆకర్షణ. అయినా అనుకున్నంత జరగలేదు. పిట్‌మన్ 1837లో ఇచ్చిన షార్ట్‌హ్యాండ్‌తో మన జిల్లా కేంద్రాల్లోని టైపు ఇన్‌స్టిట్యూట్లు ఎన్ని తరాలకు ఉద్యోగాలు చూపించాయో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? లోయరు, హయ్యరు పరీక్షలను సాంకేతిక విద్యా మండళ్లు ఈ శతాబ్దంలోనూ జరిపాయి. సబ్బు సిలిండర్ పోయి అప్పటికి యాభై ఏళ్లు దాటింది.

చెరపడం కోసం పుట్టిన సిలిండర్‌ను చెరపకుండా దాచినవాళ్లూ ఉన్నారు. తేలిక యంత్రం, ఎక్కడికైనా మోయొచ్చు, స్టూడియో అక్కర్లేదు, మాట్లాడిన మరుక్షణం విని చూసుకోవచ్చు. ఈ గుణాలు ఆఫీసు కోసం వచ్చినవే, పల్లెల్లో అడవుల్లో పాటలు సేకరించేవాళ్లకు అచ్చంగా పనికొచ్చాయి. 1890 మార్చిలో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పాసమక్వాడీ ఆదివాసుల పాటలు, కథలు సిలిండర్ల మీద పట్టాడు. తన తెగలో చివరివాడుగా మిగిలిన ఇషీ గొంతు 1911 నుంచి కాలిఫోర్నియాలో 148 సిలిండర్ల మీదికెక్కింది. మన వైపు మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్, కె. రంగాచారి కలిసి దక్షిణాది తెగల పాటలను గత శతాబ్దం తొలి ఏళ్లలో మైనం మీద రికార్డు చేశారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి మద్రాసు రాజధానిలోనివే.

దాచిన సిలిండర్లకూ గండం ఉంది: వాటి సబ్బులోని కొవ్వు బూజుకు తిండి. తేమ నేలల్లో సిలిండర్ల మీద తెల్లటి మచ్చలు లేచి గాళ్లను తినేస్తాయి. చల్లటి గదిలోంచి తీసిన పాత సిలిండర్ అరచేతి వేడికే పగలొచ్చు. అందుకే తెలిసినవాళ్లు దాన్ని బయట నుంచి పట్టుకోరు, లోపల రెండు వేళ్లు చాపి ఎత్తుతారు. ఇప్పుడు సూది ఆనించే అవసరం కూడా లేదు. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్ బృందం గాళ్లను కాంతితో కొలిచి, ఆ కొలతల నుంచి కంప్యూటర్‌లో శబ్దాన్ని తిరిగి కట్టే పద్ధతి తెచ్చింది. 1885 ఏప్రిల్ 15న మైనం పూసిన అట్టబిళ్ల మీద గ్రాహం బెల్ అంకెలు చదివి, చివర తన పేరు చెప్పాడు. ఆ గొంతును 2013లో లోకం విన్నది ఈ దారినే.

కానీ ఆఫీసుల గొంతులు? నలభై ఏళ్ల పాటు బ్యాంకుల్లో, రైల్వే కంపెనీల్లో, లాయర్ల గదుల్లో రోజూ మైనం మీద పలికిన ఉత్తరాలకు కార్బన్ కాపీలు దొరుకుతాయి, గొంతులు దాదాపు ఏవీ దొరకవు. యంత్రం చెడి కాదు, తన పని సవ్యంగా చేసి పోగొట్టింది.

పాటల సిలిండర్ల తయారీని ఎడిసన్ కంపెనీ 1929లో ఆపేసింది. ఆఫీసు సిలిండర్ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిచింది. 1944లో వచ్చిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ సినిమాలో బీమా ఉద్యోగి తన నేరాన్ని ఒప్పుకునేది డిక్టాఫోన్ ముందే. 1947లో డిక్టాఫోన్ కంపెనీ మైనాన్ని వదిలి డిక్టాబెల్ట్ తెచ్చింది. పల్చటి ప్లాస్టిక్ పట్టీ, కవరులో పెట్టి పోస్టు చేయొచ్చు. సూది దాన్ని చెక్కదు, నొక్కుతుంది. అంతకు డెబ్బై ఏళ్ల ముందు తగరపు రేకు మీద చేసిన పనే, మంచి పదార్థం మీద. అది ఒక్కసారే రాయగలిగే వస్తువు, చెరగదు. సిలిండర్‌ను చెరిపి వాడుకోవచ్చని అమ్మిన వ్యాపారమే దీన్ని చెరగదు కాబట్టి కొనమంది. 1963 నవంబరు 22న డాలస్‌లో కెనెడీ హత్య జరిగిన వేళ పోలీసు రేడియో మాటలు ఒక డిక్టాబెల్ట్ మీద పడ్డాయి. రెండో తుపాకీ పేలిన చప్పుడు అందులో ఉందని 1979లో కాంగ్రెస్ కమిటీ అన్నది, లేదని 1982లో జాతీయ విజ్ఞాన అకాడమీ తేల్చింది. మైనం రోజులైతే ఆ వాదానికే చోటుండేది కాదు. ఆఫీసు కుర్రాడు ఆ సిలిండర్‌ను ఎప్పుడో గీకేసి ఉండేవాడు.